నేను తీసేసిన ‘గారు’

మా ఆఫీసులో నన్ను చాటుగా బారసాల మేడమ్ అనేవారు. చాటుగా అని వాళ్ళు అనుకునేవారు గానీ, రెండే గదులున్న ఆఫీసులో చాటెక్కడిది. కోడ్‌లో ఎవరు ఏ పేరు పెట్టినా నా దగ్గరికొచ్చి ఒప్పించుకోవాలి, అందుకని ఆ బిరుదు. నాకు కోపం వచ్చేది కాదు. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే ఉండేది. ఆ గర్వం ఒక శనివారం పొద్దున్న దిగిపోయింది. ఇప్పుడు నేను చేసిన పనే చేస్తున్న పిల్లలు కొందరు అప్పుడప్పుడు ఫోన్ చేసి అడుగుతుంటారు కాబట్టి, ఆ సంగతి ఒకసారి రాసి పెడుతున్నాను.

నేను పుట్టుకతో కంప్యూటర్ మనిషిని కాను. రాజమండ్రిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫ్ రీడర్‌గా చేరాను. అక్కడ ఒకరు రాతప్రతిని పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు చూసుకుంటూ తప్పులు దిద్దేవాళ్ళం. ప్రెస్సులోకి కంప్యూటర్లొచ్చాక డీటీపీ నేర్చుకున్నాను, ఆ తర్వాత వెబ్ పేజీలు నేర్చుకున్నాను. జనానికి ఫోన్‌లో, కంప్యూటర్‌లో కనబడే భాగం, అంటే ఫ్రంట్ ఎండ్, నా పని. మా ఆఫీసు బజార్లో ఒక బట్టల షాపు మేడ మీద ఉండేది. ఆ షాపు మా ప్రొప్రైటరు గారి తాతల నాటిది. కింద జాకెట్టు ముక్కలు, పైన వెబ్ పేజీలు, రెండూ కొలిచి ఇచ్చేవేనండి అనేవారాయన. నేను రోజూ కొవ్వూరు నుంచి బస్సులో వంతెన దాటి వచ్చేదాన్ని. ఆఫీసులో నేను కాక ఇంజనీరింగ్ అయిన ఇద్దరమ్మాయిలు, గుమస్తా గారు. అంతే మేము.

గుమస్తా గారి గురించి చెప్పకపోతే ఈ కథే లేదు. ఆయన మా జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసులో పాతికేళ్ళు గుమస్తాగా చేశారు. అక్కడ మనుషుల్ని తగ్గించినప్పుడు బయటికొచ్చేశారు. మాకు ఆ ఫ్యాక్టరీ పనే దొరికింది, చెరుకు రైతులకి ఒక పేజీ తయారుచెయ్యాలి. మాకెవరికీ చెరుకు సంగతి తెలియదు. అందుకని ప్రొప్రైటరు గారు ఆయన్ని పిలిపించారు. ఆరు నెలలు వివరాలు చెప్పి వెళ్ళిపోవాల్సిన మనిషి, పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ యాభై మూడేళ్ళ వయసులో కోడ్ రాయడం నేర్చేసుకున్నారు. రెండు వేళ్ళతో టైపు చేసేవారు. గదిలోకి వచ్చే ముందు చెప్పులు గుమ్మం బయటే విడిచేవారు. కంప్యూటర్ ఆపేటప్పుడు దానికేసి చిన్నగా తల ఊపేవారు.

మా పేజీ చేసే పని ఇది. చెరుకు కొట్టాక ఎండలో పడి ఉంటే బరువు తగ్గిపోతుంది. అందుకని ఫ్యాక్టరీ ఒక్కో రైతుకీ ఒక్కో రోజు ఇస్తుంది, ఆ రోజే తోట కొట్టాలి. దాన్ని కటింగ్ ఆర్డరు అంటారు. పూర్వం ఆ జాబితా ఫ్యాక్టరీ గేటు దగ్గర నోటీసు బోర్డు మీద అంటించేవారు. మేమొచ్చాక ఊరివారీగా పేర్లు, తేదీలు ఫోన్‌లో కనబడేలా చేశాం.

ప్రెస్సు అలవాటు నన్ను వదల్లేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆ వారం రాసిన కోడ్‌నీ, పేజీనీ ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు తెర మీద చూసుకోవాలి. అమ్మాయిలు మొదట్లో నవ్వారు గానీ తర్వాత అలవాటు పడ్డారు. ఒక శుక్రవారం, ఫోన్‌లో పేజీ రావడం లేదని వచ్చిన ఒక రైతు మా బల్ల మీద కూర్చుని ఉండగా, ఒకమ్మాయి గడగడా చదివేసింది: ‘రైతు ఖాళీ అయితే రైతుని తీసెయ్.’ కోడ్‌లో ఉన్నది అదే. ఆ రైతు ఉలిక్కిపడి తలెత్తి చూశాడు. మర్నాటి నుంచి గుమస్తా గారి కోడ్‌లో రైతు అన్న పేరు కనబడలేదు. ఎక్కడ చూసినా రైతుగారు. రైతుగారి తోట, రైతుగారి తేదీ, అన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే. బల్ల మీద కూర్చున్న ఆ మనిషి కోసమే ఈ మర్యాద అని మేం అనుకుని తెగ నవ్వుకున్నాం. పేజీ మీద కూడా ప్రతి పేరు పక్కనా ఆయన ‘గారు’ తగిలించారు. మన వైపు అది మామూలే కదా, ఎవరమూ పట్టించుకోలేదు.

అయితే ఆయన పెట్టిన ‘గారు’ ఒక్కలా ఉండేది కాదు. ఒకచోట పెద్దక్షరంతో మొదలయ్యేది, ఒకచోట మధ్యలో కింద గీత, ఒకచోట రెండు మాటలూ అతికిపోయి ఉండేవి. ఒకే రైతు మూడు వేషాల్లో తిరుగుతుండేవాడు. అమ్మాయిల్లో ఒకరిది ఒక పద్ధతి, ఇంకొకరిది ఇంకో పద్ధతి. నాది మాత్రం సక్రమం అని నా నమ్మకం.

ఇలా ఉండగా మా పేజీ బాగోగులు ఇకపై హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీ చూసుకుంటుందని ఫ్యాక్టరీ వాళ్ళు చెప్పారు. ఆ కంపెనీ వాళ్ళు ఒక షరతు పెట్టారు. కోడ్ అంతా లింటర్‌లో పాసైతేనే తీసుకుంటాం అన్నారు. లింటర్ అంటే మనం రాసిన కోడ్ చదివి, ఫలానా వరసలో ఫలానా పేరు నియమం ప్రకారం లేదు అని వేలెత్తి చూపే ప్రోగ్రాం. మొదటిసారి నడిపితే మాకు పన్నెండు పేజీల ఫిర్యాదులు వచ్చాయి. ప్రొప్రైటరు గారు ఆ కాగితాలు చూసి, ‘మేడమ్ గారూ, బారసాల మీ చేతుల మీదుగానే జరగాలండి’ అన్నారు. చాటుమాట ఆయన నోట వినేసరికి అమ్మాయిలిద్దరూ బల్ల కిందకి దూరిపోయారు.

రెండు వారాలు కూర్చున్నాను. ఒకటే పద్ధతి: చిన్నక్షరంతో మొదలుపెట్టి, రెండో మాట పెద్దక్షరంతో కలపాలి. దాంతో ఊరుకుంటే బాగుండేది. లింటర్‌లో మన సొంత నియమాలు కూడా పెట్టుకోవచ్చు. నేను ఒకటి పెట్టాను, పేర్లలో గారు ఉండకూడదని. మూడు వేషాల్నీ ఒక వేషానికి తేవడం కంటే మొత్తం తీసెయ్యడం తేలిక అనిపించింది.

ఆ మాట చెప్పినప్పుడు గుమస్తా గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

‘ఆ గారు ఊరికే పెట్టింది కాదండి అమ్మా. దానికో సంగతుంది.’

‘కోడ్ రైతులు చదవరు కదండీ. మర్యాదలన్నీ పేజీ మీద చూపిద్దాం.’

‘అది కాదమ్మా, నేను చెప్పేదేంటంటే...’

‘సోమవారం అప్పగించాలండి గుమస్తా గారూ. ఇప్పుడు సంగతులు వినే టైం లేదు.’

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. ‘మీ ఇష్టమండి’ అన్నారు. మా వైపు మీ ఇష్టమండి అంటే ఏంటో మీకు తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ లక్ష్యపెట్టలేదు.

శుక్రవారం సాయంత్రం, అన్ని ఫైళ్ళలోనూ ఇంగ్లిషు అక్షరాల గారు ఎక్కడుంటే అక్కడ తీసేయమని ఒకే దెబ్బకి ఆదేశం ఇచ్చాను. లింటర్ నడిపాను. ఒక్క ఫిర్యాదూ లేదు. పన్నెండు పేజీలు పోయి ఖాళీ తెర వచ్చింది. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆ రోజు పైకి చదవడం మానేద్దామన్నాను. లింటర్ చదివేసింది కదా, మళ్ళీ మనమెందుకు అన్నాను. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. కొత్త పేజీ ఎక్కించేసి ఐదున్నర బస్సుకి వెళ్ళిపోయాను.

నేను మరిచిపోయింది ఇదీ. లింటర్ చూసేది కోడ్‌లోని పేర్లనే, కొటేషన్ల మధ్య ఉన్న మాటల జోలికి పోదు. నేనిచ్చిన ఆదేశం అలాంటి తేడా చూడదు, కనబడిన ప్రతిదాన్నీ తీసేస్తుంది. రైతు పేరు పక్కన తెర మీద కనబడే గారు కూడా ఇంగ్లిషు అక్షరాల్లోనే, కొటేషన్ల మధ్యే ఉంది.

శనివారం నేను మేడ మెట్లెక్కేసరికి ఫోన్ మోగుతూనే ఉంది. ప్రొప్రైటరు గారు రిసీవరు చేత్తో మూసి, ‘మేడమ్ గారూ, ఇదేంటండి, పొద్దున్నుంచి ఆరుగురు చేశారు. మా గారు ఏమైందని అడుగుతున్నారు’ అన్నారు. నాకు నవ్వొచ్చింది. అమ్మాయిలూ నవ్వారు. గుమస్తా గారు మాత్రం నవ్వలేదు. తన కంప్యూటర్‌లో పేజీ తెరిచి చూశారు. ఆయన మొహంలో రంగు మారిపోవడం నేను చూశాను.

అదే సమయానికి ఫ్యాక్టరీ ఫీల్డ్‌మన్ ఫోన్ వచ్చింది. రైతుల తోటలు తిరిగి చూసుకునే ఉద్యోగి ఆయన. కొవ్వూరు అవతల ఒక ఊళ్ళో పెద్దాయన ఒకరికి ఆ రోజే కటింగ్. తెల్లారేసరికి చెరుకు కొట్టే ముఠా ఇరవైమంది కత్తులతో తోట దగ్గరికి వచ్చారు. పెద్దాయన కోడలు ఫోన్‌లో పేజీ తెరిచి పైకి చదివింది. ఆయన అది విని, తోట కొట్టొద్దు, వెళ్ళిపోండని ముఠాని పంపించేశారు. ఎందుకో చెప్పలేదు. ఎవరి ఫోనూ ఎత్తడం లేదు. ముఠా ఊరి చివర టీ కొట్టు దగ్గరుంది. వాళ్ళకి తణుకు వైపు పనుందట, మధ్యాహ్నం ట్రాక్టరెక్కేస్తారు. వెళితే మూడు వారాల దాకా రారు. తోట అప్పటికే పూత వేసింది, ఇంకో మూడు వారాలుంటే లోపల బెండైపోయి రసం ఎండిపోతుంది. ఏడాది పంట అది.

‘పేరు పక్కన గారు లేకపోతే తోట కొట్టడం మానేస్తారా ఎవరైనా?’ అన్నాను నేను.

‘ఆయన మానేస్తారండి’ అన్నారు గుమస్తా గారు. అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.

అమ్మాయిలకి పాత పేజీ మళ్ళీ ఎక్కించమని చెప్పి, ప్రొప్రైటరు గారి కార్లో ముగ్గురం బయల్దేరాం. షాపు తమ్ముడికి అప్పగించి ఆయనే నడిపారు. ముఠా మేస్త్రీని ఎలాగైనా పన్నెండింటి దాకా ఆపమని ఫీల్డ్‌మన్‌కి చెప్పాం. వంతెన మీద ఉండగా గుమస్తా గారు, నేను అప్పుడు విననన్న సంగతి చెప్పారు.

నోటీసు బోర్డు రోజుల్లో జాబితా ఆయనే తిరగరాసేవారట. ప్రతి పేరుకీ గారు చేర్చి రాసేవారు. ఏదైనా తగాదా వచ్చి ఒక రైతు ఒప్పందం రద్దయితే, ఆ పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టాలని పైవాళ్ళ ఆర్డరు. మనిషి పేరు మీద అలా గీత కొట్టడానికి ఆయనకి చెయ్యి రాలేదు. అందుకని గీత కొట్టకుండా, పక్కన గారు రాయడం మానేసేవారు. అదే మెత్తగా ఉంటుందనుకున్నారు. ఏడాది తిరిగేసరికి రైతులందరికీ తెలిసిపోయింది, గారు లేకపోతే పర్మిట్ లేదు, ఫ్యాక్టరీ ఆ చెరుకు తీసుకోదు అని.

‘ఒకసారి ఈ పెద్దాయనకే అలా రాశానండి. ఎండిన చెరుకు తెచ్చారని ఏదో గొడవైంది, ఆ సీజనుకి తీసేశారు. బోర్డు ముందు నిలబడి చూసుకున్నారు. పక్కన నలుగురున్నారు. కండువా సర్దుకుని వెళ్ళిపోయారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. గీత కొట్టినా అంత బాధ ఉండేది కాదేమోనండి.’

ఆయన మళ్ళీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ‘అందుకే ఈ ప్రోగ్రాం రాసేటప్పుడు, ఎవరికీ గారు లేకుండా పోకూడదని ప్రతి చోటా పెట్టుకున్నాను. తెలివితక్కువ పనేననుకోండి.’

ప్రొప్రైటరు గారు కారు వేగం పెంచారు.

తోట గట్టున మోటారు షెడ్డు, దాని ముందు నవారు మంచం. పెద్దాయన మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. డెబ్బై ఐదేళ్ళుంటాయేమో. మమ్మల్ని చూసి కోడలు మంచినీళ్ళు తెచ్చింది. వెనకాల చెరుకు నిలువెత్తు దాటి పెరిగి, తెల్ల పూతతో గాలికి ఊగుతోంది. కొట్టాల్సిన వయసు దాటుతోందని నాలాంటిదానికే తెలుస్తోంది.

‘రండి గుమస్తా గారూ. కూర్చోండి’ అన్నారాయన. ‘చూశారా, మేం మాత్రం మిమ్మల్ని గారనే పిలుస్తున్నామండి.’

గుమస్తా గారు కూర్చోలేదు. ‘పొరపాటైందండి. మీ పర్మిట్ రద్దవలేదు. తేదీ ఇవాళే. ముఠాని పిలిపించండి.’

‘రద్దయితే అయిందని ఒక మాట చెప్పి తీసేయొచ్చు కదండీ. అప్పుడూ బోర్డు చూసే తెలుసుకోవాలి, ఇప్పుడూ ఫోన్ చూసే తెలుసుకోవాలి. ముప్ఫై ఏళ్ళ నుంచి ఆ ఫ్యాక్టరీకే తోలుతున్నాను. అప్పుడు రాసింది మీరే. ఇది కూడా మీరేనా?’

గుమస్తా గారు తలదించుకుని, ‘నేనేనండి’ అన్నారు.

ఆ అబద్ధం ఎంత తేలిగ్గా చెప్పారో. పాత బాకీతో పాటు నాది కూడా కలిపి నెత్తినేసుకుంటున్నారని అర్థమైంది.

‘ఆయన కాదండి, నేను’ అన్నాను. ‘తీయొద్దని ఆయన చెప్పబోతే నేనే విన్లేదు.’

పెద్దాయన నాకేసి తిరిగారు. ‘మీరెవరమ్మా? మీకు నా మీద ఏంటి కోపం?’

కోపం ఏమీ లేదని, కంప్యూటర్ లోపల రకరకాల పేర్లుంటాయని, అవన్నీ ఒకే తీరుగా ఉండాలని, దానికోసం ఒక ప్రోగ్రాం ఉందని, అది తప్పు పట్టకుండా ఉండాలని నేను ఏదో చెప్పుకుపోయాను. చెబుతుంటే నాకే ఎంత అధ్వాన్నంగా ఉందో తెలుస్తోంది. ఆయన మధ్యలో అడ్డురాకుండా మొత్తం విన్నారు.

‘అయితే అందరికీ తీసేశారా? నాకొక్కడికే కాదా?’

‘అందరికీనండి. జిల్లా మొత్తానికి.’

ఆయన మీసాల్లో చిన్న కదలిక వచ్చింది. నవ్వో కాదో తెలియలేదు. ‘ఇప్పుడుందా?’

‘ఉందండి. పెట్టించేశాం.’

‘ఫోన్లో అక్షరాలు నాకు ఆనవు. గుమస్తా గారినే చదవమనండి. మా ఊరి జాబితా మొత్తం. నా ఒక్కడిదే కాదు.’

కోడలు ఫోన్ ఇచ్చింది. గుమస్తా గారు కళ్ళజోడు సర్దుకుని నిలబడే చదవడం మొదలుపెట్టారు. ఒకటో నంబరు, పేరు, గారు, తేదీ. రెండో నంబరు, పేరు, గారు, తేదీ. ఊరి రైతులందరి పేర్లూ ఆ తోట గట్టున వరసగా వినబడ్డాయి. పెద్దాయన కళ్ళు మూసుకుని, ప్రతి పేరుకీ ఒక వేలు మడుచుకుంటూ విన్నారు. పదిహేడో నంబరు దగ్గర గుమస్తా గారు ఆగిపోయారు. అది పెద్దాయన పేరే.

‘చదవండి’ అన్నారు పెద్దాయన కళ్ళు తెరవకుండానే.

చదివారు. పేరు చదివి, గారు అన్నారు, తేదీ చెప్పారు. ఇంకా చాలా పేర్లు మిగిలే ఉన్నాయి, ఆయన ఆగకుండా చివరిదాకా చదివేశారు.

పెద్దాయన లేచి కండువా దులిపి తలకి చుట్టుకున్నారు. ‘అమ్మాయ్, మేస్త్రీకి ఫోన్ చెయ్యి. ముఠాని రమ్మను’ అన్నారు కోడలితో. తర్వాత గుమస్తా గారి చెయ్యి పట్టుకుని మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. అరగంటకి ముఠా వచ్చింది. మొదటి గడ కింద పడిన చప్పుడు వినేదాకా నేను గట్టు మీదే నిలబడ్డాను.

సోమవారం అప్పగించలేకపోయాం. గురువారం అప్పగించాం. నా సొంత నియమం తీసేశాను. దాని బదులు, గారు ఎక్కడున్నా ఒకే తీరుగా ఉండాలని రాశాను. రైతుగారు అన్న పేరు అన్ని ఫైళ్ళలోనూ ఒకే వేషంలోకి వచ్చింది. ఈసారి పేర్లని మాత్రమే మార్చాను, కొటేషన్ల లోపల చెయ్యి పెట్టలేదు. పేజీ మీద గారు లేకపోతే ఎక్కించనివ్వని ఒక పరీక్ష కూడా చేర్చాం, అది గుమస్తా గారే రాశారు, రెండు వేళ్ళతో. ఆ తర్వాత ఖాళీ తెర వచ్చినా మొత్తం పైకి చదివాం.

హైదరాబాదు కంపెనీ నుంచి కోడ్ చూసిన ఇంజనీరు వేరే రాష్ట్రం వాడు. ఇంగ్లిషులో అడిగాడు, ఈ గారు అంటే ఏమిటి మేడమ్, దీనికి పనేమీ కనబడటం లేదు, తీసెయ్యొచ్చా అని. ‘నేనొకసారి తీశాను బాబూ, నువ్వు తీయకు’ అన్నాను. మంచివాడు, ఇంకేమీ అడగలేదు.

లింటర్ వద్దని నేను చెప్పడం లేదు. మంచి పనిముట్టు, పెట్టుకోండి. నేనూ చివరి రోజుదాకా వాడాను. కానీ మీ పక్కన కూర్చున్న ఒక నిదానస్తుడు కళ్ళజోడు తుడుచుకుంటూ, దానికో సంగతుందండి అంటే, బస్సు పోయినా సరే విని వెళ్ళండి. బారసాల మేడమ్ అన్న పేరు మాత్రం నాకు అలాగే ఉండిపోయింది. పదవీ విరమణ రోజున అమ్మాయిలు కేకు మీద కూడా అదే రాయించారు, పక్కన గారు పెట్టి.

గుమస్తా గారూ నేనూ ఇప్పుడిద్దరం ఇంటిపట్టునే ఉంటున్నాం. చెరుకు సీజను వస్తే నేను పొద్దున్నే ఆ పేజీ తెరిచి ఆ ఊరి జాబితాలో పదిహేడో నంబరు చూస్తాను. నాకు సెంటు చెరుకు కూడా లేదు, అయినా చూస్తాను. మొన్న చూస్తే అక్కడ పెద్దాయన పేరు లేదు. వెంటనే గుమస్తా గారికి ఫోన్ చేశాను. ఆయన కులాసాగానే ఉన్నారండి, ఓపిక లేక తోట కోడలి పేర మార్పించేశారు, పేరు సరిగ్గా చూడండి అన్నారు.

చూశాను. ఆ రోజు మాకు మంచినీళ్ళిచ్చిన అమ్మాయి పేరు అది. పక్కన గారు ఉంది.